కొత్తవాళ్లు అడిగితే కోడ్ రాసి ఇచ్చేయాలా, దారి చూపి వదిలేయాలా?

దేవరకొండ ల్యాబ్:

నేను దేవరకొండలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పోయిన వారం జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. మీరంతా ఏమంటారో తెలుసుకోవాలని ఇక్కడ పెడుతున్నాను.

బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదివే అమ్మాయి. చందంపేట దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వస్తుంది. బత్తాయి కమీషన్ కొట్టుకు బిల్లింగ్ ప్రాజెక్టు చేస్తోంది. ముందు వీబీ డాట్‌నెట్ (విజువల్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త రూపం) ఫామ్‌లు, వెనక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్. రైతు పేరు, ఎన్ని టన్నులు, ధర, కమీషన్, హమాలీ, అన్నీ పోను చేతికొచ్చేది. వాళ్ల నాన్నకు మార్కెట్‌లో ఇచ్చిన తక్‌పట్టీ (లెక్క చీటీ) ముందు పెట్టుకుని ఆ ఫామ్ తనే గీసుకుంది.

సేవ్ నొక్కితే "సేవ్ అయింది" అని వస్తుంది. గ్రిడ్‌లో, అంటే తెర మీది పట్టికలో, వరుస కూడా కనబడుతుంది. ప్రోగ్రాం మూసి మళ్లీ రన్ చేస్తే మొత్తం ఖాళీ. మూడు రోజులు అలాగే కొట్టుకుంది. క్లాసు గ్రూపులో అడిగితే ఒకరు "గూగుల్ చేసుకో" అన్నారు. ఒక సీనియర్ తన ప్రాజెక్టు కోడ్ మొత్తం పంపాడు. అది వీబీ 6 కోడ్. 1998లో వచ్చిన భాష అది, 2002లో డాట్‌నెట్ వచ్చాక చాలా మారిపోయింది. "సెట్ ఆర్‌ఎస్" అని రాసే పద్ధతే ఇప్పుడు లేదు. దాన్ని తెచ్చి తన ఫామ్‌లో అతికిస్తే పనిచేస్తున్న భాగం కూడా ఆగిపోయింది. వైవాకు (ప్రాజెక్టు మీద నోటి పరీక్షకు) నాలుగు రోజులుంది.

ఆ కోడ్ తీసేసి నా దగ్గరికి వచ్చి "సార్, ఏమైతున్నదో సమజైతలేదు" అంది. నేను కోడ్ ముట్టుకోలేదు. ప్రాజెక్టు ఫోల్డర్ తెరిచి యాక్సెస్ ఫైలు ఎక్కడుందో చూపించమన్నాను. తర్వాత బిన్, దాని లోపల డీబగ్ ఫోల్డర్ తెరవమన్నాను. ప్రోగ్రాం నడిచేది అక్కడి నుంచే. అక్కడ అదే పేరుతో ఇంకో ఫైలు. "సార్, రెండున్నయ్!" అంది. ఒక్కో ఫైలు తెరిచి చూసింది. ఒకటి ఖాళీ, రెండోదాంట్లో పొద్దున్న ఎక్కించిన నాలుగు బిల్లులూ ఉన్నాయి. మామూలుగా ఆ ఫైలుకు "కాపీ ఆల్వేస్" అని ఉంటుంది కాబట్టి రన్ చేసిన ప్రతిసారీ ఖాళీ ఫైలు వచ్చి నిండిన ఫైలు మీద కూర్చుంటోంది. దాన్ని "కాపీ ఇఫ్ న్యూయర్" (కొత్తదైతేనే కాపీ) చేస్తే ఆ గొడవ చాలావరకు తీరుతుంది. బిల్లును డేటాబేస్‌లోకి ఎక్కించే ఇన్‌సర్ట్ కోడ్‌లో మొదటి నుంచీ తప్పే లేదు.

దీనికి నలభై నిమిషాలు పట్టింది. నేను చేసి ఉంటే అర నిమిషం. ఆ నలభై నిమిషాల్లో ఇంకో ఐదారుగురు నా కోసం చూసి వెళ్లిపోయారు. నేను చేసింది సరైన పనేనా? సాయం అడిగిన కొత్తవాళ్లకు పూర్తి కోడ్ ఇవ్వకూడదని నా అభిప్రాయం. కానీ వెళ్లిపోయిన ఆ పిల్లలు గుర్తొస్తే గట్టిగా అనలేకపోతున్నాను.

పాలమూరు కోడర్:

అన్నా, మీ ఓపికకు దండం. కానీ నేను ఒప్పుకోను. పూర్తి కోడ్ ఇవ్వాలి, అది కూడా నడిచే కోడ్ ఇవ్వాలి.

మాది జడ్చర్ల. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. నాకు ప్రోగ్రామింగ్ వచ్చింది నడిచే కోడ్ చూసే. అమీర్‌పేటలో కోచింగ్‌కు చేరినప్పుడు పక్కన కూర్చున్న అన్న ఒక పూర్తి ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. రూముకెళ్లి ఒక్కో లైన్ తీసేసి చూశాను. ఏ లైన్ తీస్తే ఏది ఆగుతుందో చూసి చూసి నేర్చుకున్నాను. ముందు ఒకటి నడుస్తూ కళ్ల ముందుంటేనే కదా దాన్ని విప్పి చూసేది? ఆకలితో వచ్చినవాడికి ముందు నారు పోయడం నేర్పిస్తానంటే ఎట్లా?

ఇంకో మాట. "నువ్వే ఆలోచించు" అనే చాలామంది ఓపికతో అనడం లేదు. మొదటి ఏడాది ఒక సార్‌ను కనెక్షన్ స్ట్రింగ్ (ప్రోగ్రాంకు డేటాబేస్ ఎక్కడుందో చెప్పే లైన్) గురించి అడిగితే "ఇది కూడా రాదా, ఇక్కడిదాకా ఎట్లొచ్చినవ్" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత ఆరు నెలలు ఎవ్వరినీ ఏదీ అడగలేదు. దారి చూపిస్తామని చెప్పి మొహం తిప్పుకునేవాళ్లకంటే కోడ్ ఇచ్చేసేవాళ్లే వెయ్యి రెట్లు నయం.

మిల్లు లెక్కలు:

మిర్యాలగూడలో రైస్ మిల్లు అకౌంట్స్ చూస్తాను. కంప్యూటర్ చదువు కాదు నాది, బీకాం. అయినా ఈ విషయంలో చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను, ఎందుకంటే నడిచే కోడ్ తీసుకుని దెబ్బతిన్నవాణ్ని.

కొన్నేళ్ల కిందట మిల్లుకు చిన్న స్టాక్ రిజిస్టర్ ప్రోగ్రాం కావాల్సి వచ్చింది. వడ్లు ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎంత తేమ, ఎన్ని ఆడించాం, బియ్యం ఎంత, నూక ఎంత, తవుడు ఎంత. నేనే యాక్సెస్‌లో టేబుళ్లు కట్టుకుని ఫామ్‌లు మొదలుపెట్టాను. తేదీ దగ్గర ఎర్రర్ వచ్చి ఆగిపోయాను. తెలిసిన ఒకాయన పది నిమిషాల్లో కోడ్ రాసిచ్చాడు. నడిచింది. నేను పొంగిపోయాను.

రెండు నెలలు గడిచాక జూన్ రిపోర్టు తీస్తే బస్తాలు తక్కువొచ్చాయి. గోదాములో ఉన్నదానికీ కాగితానికీ పొంతన లేదు. హమాలీలను అడిగాం, గుమస్తాను అడిగాం. ఇప్పటికీ సిగ్గనిపించే విషయం, ఆ గుమస్తా కుర్రాణ్ని రెండు రోజులు అనుమానంగా చూశాను.

చివరికి బిల్లు బుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా చూశాను. జూన్ 13 నుంచి నెలాఖరు దాకా అన్నీ సరిగ్గా ఉన్నాయి. 6 తప్ప 1 నుంచి 12 దాకా తేడా. జూన్ 5 బిల్లు మే 6లో ఉంది. జూన్ 7 బిల్లు జూలై 6లో ఉంది, జూలై 6 బిల్లేమో జూన్ 7లోకి వచ్చి కూర్చుంది! అప్పుడు వెలిగింది. ఆయన రాసిచ్చిన కోడ్‌లో తేదీని రెండు హ్యాష్ గుర్తుల మధ్య పెట్టి క్వెరీలో (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలో) అతికించాడు, #05/06/2019# అని. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. యాక్సెస్ క్వెరీ అమెరికా పద్ధతిలో నెల ముందు అనుకుంటుంది. 13 రాగానే పదమూడో నెల లేదు కాబట్టి దానంతట అదే రోజుగా తీసుకుంటుంది. ఎర్రర్ రాదు. నెల మొదటి పన్నెండు రోజుల్లో పదకొండు చడీచప్పుడు లేకుండా తప్పు రాసుకుంటూ పోతుంది. రెండూ ఒకటే అయ్యే 6/6 లాంటి రోజు ఒక్కటే తప్పించుకుంటుంది.

ఆ పది నిమిషాల సాయానికి నేను వారం రోజులు కూర్చుని పాత బిల్లులు మళ్లీ ఎక్కించాను. ఆయన్ను నేను తిట్టడం లేదు, మంచి మనసుతోనే ఇచ్చాడు. కానీ ఆ రోజు ఆ లైన్ ఎందుకలా ఉందో నాకు చెప్పి ఉంటే, కనీసం నేను అడిగి ఉంటే, మొదటి వారంలోనే పట్టుకునేవాణ్ని. అర్థం కాని కోడ్ మిల్లు లెక్కల్లో పెట్టకూడదు. అందుకే నేను ల్యాబ్ సార్ వైపు.

పాలమూరు కోడర్:

మిల్లు అన్నా, ఇది చదువుతుంటే నాకే బాధేసింది. కానీ మీరు చెప్పింది కోడ్ ఇవ్వడం తప్పని కాదు, చెడ్డ కోడ్ ఇవ్వడం తప్పని. ఆయన తేదీని క్వెరీలో అతికించకుండా పారామీటర్‌గా, అంటే విడి విలువగా, పంపే కోడ్ ఇచ్చి ఉంటే మీకు ఆ వారం పోయేది కాదు. పారామీటర్ వాడితే తేదీ తేదీగానే వెళ్తుంది, ముందూ వెనకా అనే గొడవే ఉండదు. పేరులో సింగిల్ కోట్ ఉన్నా క్వెరీ విరగదు. బయటివాళ్లు టెక్స్ట్‌బాక్స్‌లో పిచ్చి క్వెరీ రాసి టేబుల్ చెరిపే ప్రమాదమూ తప్పుతుంది. ఇది కొత్తవాడు ఎంత ఆలోచించినా తనంతట తనకు తట్టదు. ఎవరో ఒకరు రాసి చూపాల్సిందే.

మిల్లు లెక్కలు:

పారామీటర్ మాట ఒప్పుకుంటాను. ఇప్పుడు మొత్తం అలాగే మార్చుకున్నాను. కానీ తమ్ముడూ, ఇచ్చే కోడ్ మంచిదో చెడ్డదో తీసుకునేవాడికి ఎట్లా తెలుస్తుంది? రెండూ నడుస్తాయి. అదే కదా నా బాధ.

వనపర్తి మేడం:

వనపర్తిలో చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్తాను. మీరు ముగ్గురూ సాయం ఇచ్చేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. అడిగేవాళ్లు ఎందుకు సరిగ్గా అడగలేకపోతున్నారో కూడా చూడాలి.

మా పిల్లలు ఎర్రర్ చదవరు. బద్ధకం కాదు. తెర మీద ఇంగ్లీషులో నాలుగు లైన్ల పెట్టె రాగానే భయమేసి ఓకే కొట్టేస్తారు. "ఏం వచ్చింది?" అంటే "ఏదో ఎర్రర్ వచ్చింది మేడం". పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు వాళ్లు. అందుకే నా క్లాసులో ఒక పద్ధతి పెట్టాను. ఓకే కొట్టే ముందు ఆ పెట్టెలో ఉన్నది పైకి చదవాలి, తర్వాత తనకు తోచిన తెలుగులో చెప్పాలి. తప్పైనా ఫర్వాలేదు.

మొన్న ఒక బాబు జెట్ ఓలీడీబీ 4.0 ప్రొవైడర్ (ప్రోగ్రాంను యాక్సెస్ ఫైలుకు కలిపేది) లోకల్ మెషీన్ మీద రిజిస్టర్ కాలేదనే ఎర్రర్ చదివి, "మేడం, ఈ కంప్యూటర్‌లో వాడి పేరు నమోదు కాలేదంట" అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడో చూడండి! జెట్‌కు 64 బిట్ రూపం లేదు. ప్రోగ్రాం 64 బిట్‌గా నడిస్తే దానికి జెట్ కనబడదు. ప్రాజెక్టు సెట్టింగులో ఎక్స్ 86, అంటే 32 బిట్, పెడితే సరిపోతుంది. నమోదు కాలేదని వాడికి అర్థమయ్యాక ఆ ఒక్క మాట నేను చెప్పడానికి నిమిషం పట్టలేదు. ఎర్రర్ వాడు చదివాడు, జవాబు నేను ఇచ్చాను. ఇందులో ఎవరి కష్టం ఎవరు తిన్నట్టు?

తెలుగు పేర్ల దగ్గరా ఇదే. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో రైతు పేరు తెలుగులో ఎక్కిస్తే వరసగా ప్రశ్న గుర్తులు వస్తాయి. కాలమ్ రకం వార్‌ఛార్ ఉంటే ఎన్‌వార్‌ఛార్ (తెలుగు అక్షరాలూ పట్టే రకం) చేయాలి, క్వెరీలో నేరుగా రాస్తే కోట్ ముందు ఎన్ పెట్టాలి. ఇది పిల్లలు రాత్రంతా ఆలోచించి కనిపెట్టాల్సిన విషయం కాదు. తెలిసినవాళ్లం చెప్పేయాలి. పక్కన కూర్చుని కనిపెట్టనివ్వాల్సింది ల్యాబ్ సార్ చూపించిన రెండు ఫైళ్ల లాంటిది, కళ్లతో చూసి పట్టుకోగలిగేది.

తండా బీకాం:

అందరికీ నమస్తే. ల్యాబ్ సార్ చెప్పిన అమ్మాయిని నేనే. సార్ అడిగితే రాస్తున్నాను.

వైవా బాగానే అయింది. ఎక్స్‌టర్నల్ సార్ డేటా ఎక్కడ సేవ్ అవుతుందని అడిగారు. డీబగ్ ఫోల్డర్ తీసి చూపించాను. కమీషన్ లెక్క కట్టే లైన్ అడిగితే అదీ చెప్పాను. ప్రింట్ వచ్చే భాగం మాత్రం ఒక అన్న దగ్గర తీసుకున్నాను, దాని గురించి అడిగితే తెలియదనే చెప్పాను సార్. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

మీ అందరికీ ఒక్కటి చెప్పాలి. గ్రూపులో నేను అడిగినప్పుడు ఫోన్‌తో తెర ఫొటో తీసి పెట్టాను. "ఫొటోలు పెట్టకు, కోడ్ టైప్ చేసి పెట్టు" అని తిట్టారు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ల్యాబ్ నాలుగింటికి మూసేస్తారు, నా బస్సు నాలుగున్నరకు. అడిగేది బస్సులో ఫోన్ నుంచే. ఆ కోడ్ మొత్తం ఫోన్‌లో ఎట్లా టైప్ చేయను? ఫొటో తప్పని నాకూ తెలుసు. ఇంకో దారి లేకనే పెట్టాను.

పూర్తి కోడ్ పంపిన అన్న మీద నాకు కోపం లేదు. ఆ రోజు జవాబిచ్చింది ఆయనొక్కడే. కాకపోతే "నీది వీబీ 6 ఆ, డాట్‌నెట్టా" అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

పాలమూరు కోడర్:

చెల్లే, ఫొటో పెడితే తిట్టినవాళ్లలో నేనూ ఉండేవాణ్నేమో. చాలాసార్లు వేరేవాళ్లను అలాగే అన్నాను. బస్సులోంచి అడుగుతారని ఎప్పుడూ ఆలోచించలేదు. ఇక అననమ్మా.

ల్యాబ్ అన్నా, మీరు మొదట అడిగినదానికి వస్తాను. నలభై నిమిషాలు ఒకరి దగ్గర కూర్చుంటే మిగతావాళ్లు వెళ్లిపోయారన్నారు. అక్కడ తక్కువైంది మీ పద్ధతి కాదు, ఇంకో మనిషి. నేను రెండో శనివారం జడ్చర్ల వస్తాను. కల్వకుర్తి మీదుగా దేవరకొండ పొద్దున్నే రాగలను. ఆ రోజు ల్యాబ్ తెరవనిస్తారా?

దేవరకొండ ల్యాబ్:

ప్రిన్సిపాల్ గారిని అడిగాను తమ్ముడూ. తొమ్మిది నుంచి నాలుగు దాకా ఉంచుకోమన్నారు. ఇప్పటికే ఏడుగురు పేర్లిచ్చారు, అందులో ముగ్గురికి ఆ తేదీ గొడవే. మిల్లు అన్న, వీలైతే ఆ పాత జూన్ రిపోర్టు కాగితం ఒకటి పంపండి. పిల్లల ముందు పెడతాను, తప్పు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఉందో వాళ్లనే వెతకమంటాను.

మిల్లు లెక్కలు:

కాగితం ఇంకా బీరువాలోనే ఉంది. పంపడమెందుకు, నేనే పట్టుకొస్తాను.