అప్‌డేట్: వ్యాన్‌లో మిక్సీ పెట్టగానే ఇన్వర్టర్ కట్ అవుడు – కారణం దొరికింది

మొన్న అడిగింది ఇదే: ట్రావెలర్ వ్యాన్‌లో 12.8 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 1000 వాట్ల ఇన్వర్టర్. బ్యాటరీ ఫుల్, అయినా 750 వాట్ల మిక్సీ పెడితే బీప్ కొట్టి ఆఫ్.

మిక్సీ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, ఇన్వర్టర్ దగ్గర రెండు చోట్లా వోల్టేజ్ చూడమన్న అన్నకు థాంక్స్, పని చేసింది అదే. హన్మకొండల ఆటో ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టిండు: బ్యాటరీ టెర్మినల్స్ మీద 12.9, ఇన్వర్టర్ దగ్గర 10.9. ఇన్వర్టర్ కటాఫ్ 11, అంతకన్నా తగ్గితే అదే ఆఫ్ అయితది. బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) ట్రిప్ అయితే టెర్మినల్స్ మీదే వోల్టేజ్ పడిపోవాలి, పడలే. అంటే బ్యాటరీ తప్పు లేదు.

మిక్సీకి సుమారు 70 ఆంపియర్లు లాగుతది. 16 స్క్వేర్ ఎంఎం కేబుల్, పోను రాను 8 మీటర్లు: అక్కడే 0.6 వోల్టు పాయె. మిగతాదంతా ప్లయర్‌తో నొక్కిన లగ్గు (కేబుల్ కొసకు బిగించే లోహపు ముక్క) దగ్గర. స్లీవ్ గోధుమ రంగుకు మాడింది, లాగితే తీగలు ఊడి చేతికొచ్చినయ్. ఇంకొన్నాళ్లు ఆగితే మంటే.

ఇన్వర్టర్‌ను బ్యాటరీ పక్కకు జరిపి, 35 స్క్వేర్ ఎంఎం కేబుల్, హైడ్రాలిక్ క్రింపింగ్ (మిషన్‌తో లగ్గును గట్టిగా నొక్కుడు), పాజిటివ్ పక్కనే 125 ఆంపియర్ల క్లాస్-టీ ఫ్యూజ్ వేసినం. ఇప్పుడు డ్రాప్ 0.15 వోల్టు.

మీలో కొందరన్న ఎండ వేడి, 200 ఏహెచ్ బ్యాటరీకి మారుడు, డీసీ-డీసీ చార్జర్ (బండి ఇంజిన్ నడుస్తుంటే ఈ బ్యాటరీని నింపేది): వీటికీ ఈ ప్రాబ్లమ్‌కూ సంబంధం లేదు. బ్యాటరీ వాపస్ ఇయ్యలే.