పౌలుకు సైనికుల కాపలా ఎందుకు?

ప్రశ్న: సహోదరులకు వందనాలు. రోమాలో సాక్ష్యమివ్వాలని ప్రభువే పౌలుతో చెప్పిన తరువాత (అపొస్తలుల కార్యములు 23), ఆయనకు సైనికుల కాపలా ఎందుకు అవసరమైంది?

జవాబు: పౌలును చంపాలని పన్నిన కుట్ర నుండి ఆయనను తప్పించడానికి దూత రాలేదు, సహోదరీ. నలభై మందికి పైగా పన్నిన పన్నాగం పౌలు మేనల్లుడి చెవిన పడింది; రోమా సైన్యాధికారి అయిన సహస్రాధిపతి ఆ కుర్రవాడి చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకువెళ్లి, అంతా విని, ఆ రాత్రే 200 మంది సైనికులను, 70 మంది గుర్రపు రౌతులను, 200 మంది ఈటెలవారిని తోడిచ్చి పౌలును కైసరయ పట్టణానికి పంపించాడు. వాగ్దానం నెరవేరిన దారి అదే.

మరో జవాబు: 27వ అధ్యాయంలోనూ అంతే. పౌలును రోమాకు తీసుకువెళ్తున్న ఓడ పగిలినా అందులోని 276 మందీ ఒడ్డుకు చేరారు, కొందరు ఈదుతూ, కొందరు పలకలు పట్టుకొని.

ప్రశ్న: మరి మందులు వాడడం అవిశ్వాసమని మా సంఘంలో కొందరు అంటున్నారే?

జవాబు: ఆ మాట సరికాదు. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని తన శిష్యుడు తిమోతికి రాసింది పౌలే.