పాత ఔట్‌బోర్డ్ ఇంజిన్: బాగు చేయించాలా, మార్చేయాలా?

సాగరతీరం: హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవలు నేర్పే మా చిన్న బృందానికి ఒక రక్షణ పడవ ఉంది. దానిది వెనక చెక్కకు బయట బిగించే 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిన్, రెండు సిలిండర్లు, వయసు 18 ఏళ్లు. తాడు పది పన్నెండు సార్లు లాగితే గానీ అందుకోదు. వేగం పెంచితే వేడెక్కి ఆగిపోతోంది. మెకానిక్ పైకవరు తీసి చూసి, ఆయుష్షు తీరింది, కొత్తది కొనమన్నాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఏం చేయమంటారు?

రాణీగంజ్ రెంచి: కవరు తీసి చూస్తే ఆయుష్షు తెలుస్తుందా? కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, కొలిచాడా? రెండు ప్లగ్గులూ ఊడదీసి, స్పార్క్ రాకుండా కిల్ స్విచ్ తాడు ఊడదీసి, ప్లగ్గు చోట గేజి బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి ముల్లు పెరగడం ఆగేదాకా స్టార్టర్ తాడు లాగండి. రెండు సిలిండర్ల మధ్య తేడా పది పదిహేను శాతం దాటితే అప్పుడు ఆలోచిద్దాం. తరువాత కింద గేర్ ఆయిల్ కాస్త వదిలి చూడండి. పాలు కలిపిన టీలా ఉంటే సీళ్లు పోయి నీళ్లు దిగాయన్నమాట. ఇవి రెండూ బాగుంటే మిగిలినవన్నీ చిల్లర రోగాలే.

మీ ఇంజిన్‌కు ఉప్పునీళ్లు తగల్లేదు. సముద్రంలో తిరిగిన ఇంజిన్‌కు లోపలి నీటిదారులు తినేసుకుపోతాయి. ఆ బాధ మీకు లేదు. మీ శత్రువులు వేరు: గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు.

లెక్కల మాస్టారు: రెంచి గారూ, మీరు ఇంజిన్ గురించి చెబుతున్నారు, నేను పిల్లల గురించి చెబుతాను. వానాకాలంలో ఒక్కసారిగా గాలి లేస్తే నాలుగైదు పడవలు ఒకేసారి తిరగబడతాయి. అప్పుడు పన్నెండుసార్లు తాడు లాగుతూ కూర్చుంటారా? సరదాకు తిప్పే పడవైతే మీ మాటే నా మాట. ఇది రక్షణ పడవ. పైగా కొత్తగా ఫోర్ స్ట్రోక్ కొంటే పెట్రోలు తక్కువ పడుతుంది, టూ స్ట్రోక్‌కు లాగా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపే పనీ ఉండదు.

రాణీగంజ్ రెంచి: ఒప్పుకుంటాను, కానీ ఫోర్ స్ట్రోక్ బరువెక్కువ. ఆ పాత పడవ వెనక చెక్క దాన్ని మోస్తుందా? ఇంజిన్‌తో మొదలై పడవ దాకా వస్తుంది ఖర్చు. ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచిన పెట్రోలుతో కొత్త ఇంజినూ మొరాయిస్తుంది. ఆ అలవాటు మారకపోతే ఏది కొన్నా ఇదే కథ.

సాగరతీరం: కంప్రెషన్ కొలిచాం. ఒక సిలిండర్ 115, ఇంకొకటి 112 పీఎస్ఐ. చింత చచ్చినా పులుపు చావలేదు! గేర్ ఆయిల్‌లో నీళ్ల జాడ లేదు. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌లో మాత్రం బెల్లం పాకంలాంటి జిగట. నీళ్లు పీల్చే జల్లెడకు పాలప్యాకెట్ ముక్క అతుక్కుని ఉంది. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, తీస్తే ఆరు రెక్కల్లో రెండు లేవు.

లెక్కల మాస్టారు: సరే, బాగు చేయించండి. కానీ వరుసగా నెలరోజులు రెండు మూడు లాగుళ్లలో అందుకునేదాకా పిల్లలున్నప్పుడు దాన్ని నమ్మవద్దు. అంతవరకు ఇంకో పడవ అద్దెకు తెచ్చుకోండి. ఆ అద్దెను కూడా బాగుచేత ఖర్చులోనే రాయండి.

రాణీగంజ్ రెంచి: ఆ రెండు రెక్కలు ఎక్కడికి పోయాయి? కొత్త ఇంపెల్లర్ వేసి చేతులు దులుపుకోకండి. విరిగిన రబ్బరు ముక్కలు నీటితో పాటు పైకి వెళ్లి దారి మూసేస్తాయి.

సాగరతీరం: ఒకటి పంపు పైగొట్టంలోనే దొరికింది. రెండోదాని కోసం ఆదివారం, నీటిదారిలో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మూత విప్పుతున్నాం. మాస్టారు గారూ, అద్దె పడవ కోసం అడిగి ఉంచాను.