అప్‌డేట్: చికెన్ లెట్యూస్ ర్యాప్స్ బాగా కుదిరాయి

ఆఫీసు నుంచి వచ్చాక అరగంటలో ఇంటిల్లిపాదికీ చికెన్ లెట్యూస్ ర్యాప్స్ (లెట్యూస్ అనే సలాడ్ ఆకులో చుట్టుకుని తినే చికెన్ కూర) చేయాలంటే ఎలా, కూర నీళ్లోడి ఆకు చిరిగిపోకుండా ఏం చేయాలి అని అడిగాను కదా. చెప్పినవాళ్లందరికీ థాంక్స్. నిన్న రాత్రి చేశాను.

అన్నిటికంటే పనికొచ్చింది ఆకుల సలహా. ఐస్‌బర్గ్ లెట్యూస్ కాడ దగ్గర గుండ్రంగా కోసి తీసేసి, ఆ గుంటలోకి కుళాయి నీళ్లు వదిలితే ఆకులు చిరగకుండా వాటంతటవే విడిపోయాయి. కాసేపు ఐసు నీళ్లలో ఉంచి, పొడి గుడ్డ మీద బోర్లించాను. మన వైజాగ్ ఉక్కకి లెట్యూస్ ఇట్టే వాడిపోతుంది, కాబట్టి ఐసు నీళ్లు మానొద్దు.

చికెన్ కీమా మాత్రం పెద్ద మంట మీదే. వెడల్పు బాండీలో పరిచి, వెంటనే కలపకుండా అడుగు ఎర్రబడనిచ్చాను. ఊరిన నీరంతా ఇగిరాకే అల్లం, వెల్లుల్లి, క్యారెట్ తురుము, చివర్లో సోయా సాస్, కొంచెం తేనె, నిమ్మరసం. సోయా సాస్‌లోనే ఉప్పు ఉంటుంది, విడిగా వేయలేదు. వాటర్ చెస్ట్‌నట్ (నీళ్లలో పెరిగే ఒక కరకరలాడే దుంప) బదులు మీలో ఒకరు చెప్పిన ముల్లంగి ముక్కలు వేస్తే కరకరలాడుతూ ఎంత బాగున్నాయో! పైన వేయించిన వేరుశనగ గుళ్లు చల్లాను.

అత్తయ్యగారికి పచ్చి ఆకు పడదు. ఆవిడకి అదే కూర చపాతీలో చుట్టి ఇస్తే, ఇంకో గరిటె అడిగి వేయించుకున్నారు. లెట్యూస్ దొరకనప్పుడు లేత క్యాబేజీ ఆకుని ఒక్క నిమిషం వేడినీళ్లలో ముంచి వాడొచ్చని మీలో ఎవరో అన్నారు, వచ్చే వారం అదే చేస్తాను.