అప్‌డేట్: బాబు గ్రహణం మొర్రి గురించి అడిగాను కదా, డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం

పోయిన నెల అడిగింది నేనే. మాది దేవరకొండ దగ్గర ఊరు, మేనరికం. బాబుకు పై పెదవి చీలి పుట్టింది. "గ్రహణం నాడు కత్తిపీట ముట్టకు అంటే ఇన్నదా?" అని మా అమ్మ నా భార్యను రోజూ సాధిస్తోంది, నిజంగా అందుకేనా అని అడిగాను.

హైదరాబాద్‌లో జెనెటిక్ డాక్టరుకు చూపించాం. టార్చి వేసి అంగిలి చూశారు, బాగానే ఉంది. తర్వాత బాబుదే కాదు, మా ఇద్దరి కింది పెదవులూ లాగి చూశారు. అక్కడ చిన్న గుంటలుంటే ఐఆర్ఎఫ్6 అనే జన్యువులో తేడా వల్ల వచ్చే వాన్ డెర్ వూడ్ సిండ్రోమ్ అని అనుమానించాలట. మాకెవరికీ లేవు.

పెదవి అతుక్కునేది గర్భం 4 నుంచి 7 వారాల మధ్యే. మాకు గ్రహణం వచ్చింది ఆరో నెలలో! ఈ మాటకు అమ్మ నోరు మూతపడింది.

మేనరికం ఒక్కటే కారణమని చెప్పలేమన్నారు. చాలా జన్యువులు, పొగ, పోషకాహారం అన్నీ కలిసి పనిచేస్తాయట. జన్యువు మారకపోయినా దాని స్విచ్చులు మారొచ్చు, ఆ స్విచ్చుల మీద పడే మిథైల్ అనే రసాయన గుర్తులకు ఫోలేట్ అనే విటమిన్ కావాలి. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒక్కరికే మొర్రి రావడమూ ఉందట.

తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం 100లో 3 నుంచి 5. ఫోలిక్ యాసిడ్ (మాత్రల్లో ఉండే ఫోలేట్) గర్భానికి ముందే మొదలుపెట్టాలి, డోసు డాక్టరే చెప్పాలి.

ఆపరేషన్‌కు బరువు నాలుగున్నర కిలోలు దాటాలన్నారు. నిన్న తూకంలో 4.1. ఉగ్గుగిన్నెతో కూర్చోబెట్టి పాలు పడుతున్నాం, పట్టేది మా అమ్మే.