37 వారాలకే సిజేరియన్‌కి ముహూర్తం పెట్టేశారు, ఒప్పుకోవాలా?

నిజాంపేట నుంచి రాస్తున్నా. మొదటి కాన్పు. రేపు బుధవారానికి 37 వారాలు నిండుతాయి. బిడ్డ తల కిందికే ఉంది, నాకు బీపీ, షుగర్ లేవు. మా మామయ్యగారు సిద్ధాంతిగారి దగ్గరికెళ్ళి శుక్రవారం పొద్దున 6.42కి ముహూర్తం రాయించుకొచ్చారు. పసుపు అద్దిన ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించారు, నీళ్ళ సీసా తీసినప్పుడల్లా కనిపిస్తుంది. స్కాన్‌లో బిడ్డ మెడకు బొడ్డుపేగు ఒక చుట్టు ఉందని రాశారు, ఇంట్లోవాళ్ళకి అదొక సాకు దొరికింది. డాక్టరమ్మేమో "మీ ఇష్టం" అంది. అవసరమైతే కోతకి భయపడను. ఇది అవసరమా? చేయించుకున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఉప్పల్ అమ్మ:
పేగు చుట్టు మా రెండోదానికీ ఉంది తల్లీ. తల బయటికి రాగానే నర్సమ్మ వేలితో తప్పించేసింది, అంతే. చాలామంది పిల్లలకి ఉంటుందట.

పెద్దాడప్పుడు మాత్రం నాకు పెద్దాపరేషనే. నొప్పుల్లో వాడి గుండె చప్పుడు పడిపోయింది, అరగంటలో తీసేశారు. ఆ కోతే వాణ్ణి బతికించింది, దాన్ని ఒక్కమాట అనను. కానీ తర్వాతి సంగతి ఎవరూ చెప్పరు. మత్తు దిగాక మంచం మీంచి లేవాలంటే పక్కకి తిరిగి మోచేతి మీద లేవాలి. దగ్గొస్తే కుట్లమీద దిండు అదిమిపట్టుకోవాలి. తొమ్మిదో రోజు కుట్టు చివర చీము పట్టింది, మళ్ళీ ఆసుపత్రి. మా అత్తయ్య పత్యమని నీళ్ళు తగ్గించేసింది, దాంతో మలబద్ధకం. పచ్చి కుట్లతో ముక్కడం పగవాళ్ళకి కూడా వద్దు!

రెండోది మామూలు కాన్పే. పాత కోత విచ్చుకునే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుందని ముందే చెప్పారు. అప్పటికప్పుడు ఆపరేషన్ చేయగలిగిన చోటే ఒప్పుకున్నారు.

పసిపిల్లల వార్డు నర్సు:
ఆ తేదీ చూసి నాకు టెన్షన్ వచ్చింది. నొప్పులు రాకముందే 37 వారాలకి కోసి తీస్తే, ఊపిరితిత్తుల్లో నీరు పూర్తిగా ఇంకక కొందరు పిల్లలు డొక్కలెగరేస్తూ, మూలుగుతూ మా దగ్గరికొస్తారు. తల్లి పై వార్డులో, బిడ్డ కింద ఆక్సిజన్ మీద. కారణం లేని ఆపరేషన్ అయితే 39 వారాలు నిండేదాకా ఆగమంటారు. మాయ గర్భసంచి మూతికి అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా ఆ లెక్క వేరు.

ఇంకో మాట. కోతలు పెరిగేకొద్దీ తర్వాతి కాన్పుల్లో మాయ పాత మచ్చకి అతుక్కుపోయే ముప్పు పెరుగుతుంది. అప్పుడు రక్తం ఆగక గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. ఇద్దరు ముగ్గురు పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఇది తప్పక అడగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటులో 81.5. ఇంతమందికీ అవసరం పడిందంటే నేను నమ్మను. "కేస్ షీట్‌లో ఆపరేషన్‌కి కారణం ఏమని రాస్తారు మేడమ్?" అని అడుగు.

అడిగినావిడ, గురువారం రాత్రి:
అడిగాను. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని కాసేపు ఆగి, "రాయడానికి ఏమీ లేదు, వచ్చేవారం చూద్దాం" అంది. బిడ్డ కదలికలు తగ్గినా, ఉమ్మనీరు పోయినా వెంటనే రమ్మంది. మామయ్యగారు కాగితం పట్టుకుని మళ్ళీ సిద్ధాంతిగారి దగ్గరికెళ్ళారు. నొప్పులొస్తే ముహూర్తంతో పనిలేదన్నారట ఆయన!