‘ఆలోచిస్తున్నాను, కాబట్టి ఉన్నాను’లో ‘ఆలోచన’ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, సాయం కావాలి.

విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా మీద ఈ వేసవిలో ప్రతి ఆదివారం సాయంత్రం ఏడెనిమిది మంది పిల్లలు చేరుతున్నారు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నవాళ్లు. వారానికొక తత్త్వవేత్తని పట్టుకుని కబుర్లలా చెబుతున్నాను. పక్క వాటా ఆవిడ “పిల్లలకి అప్పుడే ఈ మెట్ట వేదాంతం ఎందుకండీ, కంప్యూటర్ నేర్పించక” అన్నారు. ఆవిడ తప్పేం లేదు. ఈ విషయానికి మనకున్న మాటలన్నీ ఎప్పుడో వేరే పనుల్లో కుదురుకున్నాయి. వేదాంతమంటే డబ్బు పోయినవాడు చెప్పుకునే ఓదార్పు. ఇక మన ఆరు తత్త్వ మార్గాలని చెబుదామని ‘షడ్దర్శనాలు’ అని నోరు తెరిచానో లేదో, ఒక కుర్రాడు “ఉచిత దర్శనమా, టికెట్టా అంకుల్?” అన్నాడు. బెజవాడలో ఆ మాటకి ఇంకేం తడుతుంది! అందుకే నిర్వచనాలు పక్కన పెట్టి, మనుషులతో మొదలుపెట్టాను.

సోక్రటీసుతో ఇబ్బంది లేకపోయింది. ఒక్క పుస్తకం రాయలేదు, క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో విషం తాగి పోయాడు, తల్లి మంత్రసాని. తనదీ మంత్రసాని పనేననీ, ఎదుటివాడి బుర్రలోంచి పుట్టేదాన్ని పట్టడమే తన వంతనీ అన్నట్టు శిష్యుడు ప్లేటో రాశాడు. పుట్టింది నిజం బిడ్డా, ఉత్త గాలా అని పరీక్ష కూడా చేసేవాడట. ‘మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి’ అన్న మన సామెత చెప్పేసరికి పిల్లలు పడీ పడీ నవ్వారు. పాఠం అక్కడే అయిపోయింది.

రెండో వారం డెకార్ట్. 1596లో పుట్టిన ఫ్రెంచివాడు. పైన శీర్షికలో పెట్టిన వాక్యం ఇతనిదే. 1637లో దాన్ని పండితుల లాటిన్‌లో కాకుండా మామూలు జనం చదివే ఫ్రెంచిలోనే అచ్చువేశాడు. కళ్లు మోసం చేయొచ్చు, లెక్కలూ తప్పు కావచ్చు, అన్నిటినీ అనుమానించినా అనుమానిస్తున్న నేనొకణ్ని ఉన్నానుగా అన్నది అతని లాజిక్. ఇంతా చెప్పి ‘ఆలోచిస్తున్నాను, కాబట్టి ఉన్నాను’ అని బోర్డు మీద రాశాను. పదో తరగతి పాప లేచి అడిగింది: “బాబాయ్, మొన్న లెక్కల పరీక్షలో పది నిమిషాలు ఏం ఆలోచన రాక బ్లాంక్‌గా కూర్చున్నాను. టెన్షన్ మాత్రం ఉంది. అప్పుడు నేను లేనట్టా?”

నాకు నోట మాట రాలేదు. పాప అడిగిందాంట్లో తప్పు లేదు, తప్పు మన మాటలో ఉంది. తెలుగులో ఆలోచించడమంటే నింపాదిగా ముందూ వెనకా చూసుకోవడం: ‘బాగా ఆలోచించి చెప్పు’, ‘పెళ్లి ఆలోచన చేస్తున్నారు’. డెకార్ట్ లెక్కలో అనుమానించడం, ఒప్పుకోవడం, కాదనడం, కోరుకోవడం, ఊహించుకోవడం, చివరికి చలిగానో వేడిగానో ఉన్నట్టు తోచడం కూడా ఆ మాటలోకే వస్తాయి. అంటే పాప టెన్షన్ కూడా. ఇంతటినీ మోసే తెలుగు మాట ఏది?

తెనాలి మాస్టారు: ముందుగా ‘తత్త్వవేత్త’లో ‘త్త్వ’ సరిగ్గా రాసినందుకు మీకు దణ్ణం. తత్ + త్వం, అంటే ‘అది’తనం. ఒక త కొట్టేసి రాసేవాళ్లని చూసి చూసి విసిగిపోయాను. ఇక ‘ఆలోచన’ మాట. లోచనం అంటే కన్ను, ఆలోచించడమంటే మొదట్లో చూడడమే. దర్శనమూ చూడడమే. మంచి మాట, పుస్తకాల్లో పాతుకుపోయింది, కదపకండి. పిల్లలకి విడమరిచి చెప్పుకోవడం మాస్టారి పని.

అరండల్‌పేట నుంచి ఒక సభ్యురాలు: మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, చూసేది అని చెబితే పాప ప్రశ్న ఇంకా ముదురుతుంది. నా ఓటు ‘అనుకోవడం’కి. విడదీసి చూడండి: అను, కొను. వండుకోవడం తనకోసం వండడం, చెప్పుకోవడం తనలో తాను చెప్పడం. అలాగే అనుకోవడమంటే తనకు తాను అనడం. ఆలోచనంటే మనసు తనతో తాను చప్పుడు లేకుండా చేసే సంభాషణ అని ప్లేటో ఒకచోట సోక్రటీసు చేత అనిపిస్తాడు. ఆయన ఒక వాక్యం పెట్టి చెప్పింది మనం క్రియలోనే కట్టి పెట్టుకున్నాం. ‘అనుకుంటున్నాను, కాబట్టి ఉన్నాను.’

కృష్ణలంక కుర్రాడు: మేడమ్, అది చదివితే ‘ఉన్నాననే అనుకుంటున్నా’ అన్నట్టుంది 😀 మా ఇంట్లో ‘రేపు గుంటూరు వెళదామనుకుంటున్నా’ అంటే వెళ్లరని అర్థం.

అరండల్‌పేట సభ్యురాలు: ఆ అనుమానమే కదా బాబూ ఆయన బయల్దేరిన చోటు!

పోస్టు రాసినవాణ్ని: అనుకోవడం నాకు బాగా నచ్చింది. కానీ టెన్షన్ మాటేమిటి? టెన్షన్ మనం అనుకునేది కాదు, వచ్చేది. ‘అనిపించడం’ అయితే? ‘నాకు అనిపిస్తోంది.’ చలీ భయమూ అనుమానమూ అన్నీ పడతాయి.

తెనాలి మాస్టారు: పడతాయి, కానీ కొంప మునుగుతుంది. ‘అనుకుంటున్నాను’లో చివరి ‘ను’ చూడండి. ‘నేను’ అనే మాట తీసేసినా ఆ ను ఉండిపోతుంది, కర్త వాక్యంలోనే ఉన్నాడు. ‘అనిపిస్తోంది’లో కర్త ఎక్కడ? ‘మెరుస్తోంది’, ‘ఉరుముతోంది’ లాంటి క్రియ అది. ‘నాకు’ అంటారా, ఆ నాకు పని చేసేవాడు కాదు, పని వచ్చి పడ్డవాడు. అందులోంచి ‘కాబట్టి నేను ఉన్నాను’ ఎలా లాగుతారు?

నాగార్జున యూనివర్సిటీ పాత విద్యార్థిని: మాస్టారు తెలిసి అన్నారో తెలియక అన్నారో కానీ, డెకార్ట్ మీద సరిగ్గా ఇదే పేచీ పెట్టిన జర్మన్ ఆయన ఉన్నాడు, 18వ శతాబ్దపు లిష్టెన్‌బర్గ్. ‘మెరుస్తోంది’ అన్నట్టే ఆలోచన జరుగుతోంది అనాలి తప్ప నేను ఆలోచిస్తున్నాను అనకూడదన్నాడు. జర్మన్‌లో కాస్త వింతగా వినిపించే ఆ వాక్యం మన నోట్లో రోజూ ఆడేదే. కాబట్టి సార్, ‘అనిపిస్తోంది’ని పారేయకండి, డెకార్ట్ ప్రత్యర్థికి ఇచ్చేయండి.

ఇంకొకటి. 1641లో లాటిన్‌లో రాసిన పుస్తకంలో డెకార్ట్ అసలు ‘కాబట్టి’ లేకుండానే చెప్పాడు. ‘నేను ఉన్నాను’ అన్న మాట నేను పలికినప్పుడల్లా, లేదా మనసులో తలచినప్పుడల్లా నిజమై తీరుతుందని భావం. పలకడం, మనసులో తలచడం. తెలుగులో అయితే అన్నా, అనుకున్నా! అరండల్‌పేట మేడమ్ పక్షాన లాటినే సాక్ష్యం చెబుతోంది.

అరండల్‌పేట సభ్యురాలు: ఈ కామెంటు ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అతికించుకుంటున్నాను.

బ్రాడీపేట నుంచి ఒక అమ్మమ్మ: మీరంతా ఆ ‘నేను’ ఉందని ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు. విజయవాడకీ గుంటూరుకీ మధ్య అంత పెద్ద యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో మర్చిపోయారా? ఆ బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుణ్ని అడగరే?

ఈ వారం మా ఇంట్లో ఆవకాయ కలిపాం. ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, కాసిని మెంతులు. మూడో రోజు జాడీ మూత తీసి తిరగగలుపుతుంటే మనవడు వచ్చి నిలబడ్డాడు. “ఇందులో ఆవకాయ ఏదిరా, చూపించు” అన్నాను. ముక్క చూపించాడు. అది మామిడికాయ. ఎర్రగా ఉన్నది చూపించాడు. అది కారం. “అయితే ఆవకాయ లేదా అమ్మమ్మా?” అన్నాడు. వేలితో నాలిక మీద రాశాను. గంతులేశాడు. లేకపోవడమేమిటి, ఉంది! వేటినీ ఆనుకోకుండా, తనంత తానుగా మాత్రం లేదు. ముక్కకి చెట్టు కావాలి, చెట్టుకి వాన కావాలి. నాగార్జునుడు శూన్యమన్నది దీన్నే. మనమేమో శూన్యమంటే ఖాళీ గిన్నె అనుకుంటాం. ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి పుట్టడాన్నే శూన్యత అంటున్నామని తన పుస్తకం మూలమధ్యమకకారికలో విప్పి చెప్పాడు. మాస్టారు చెప్పిన ‘అది’తనం ఆవకాయలో నాకు దొరకలేదు. మీ డెకార్ట్ ‘నేను’లో దొరుకుతుందేమో వెతకమని పిల్లలకి చెప్పండి.

కృష్ణలంక కుర్రాడు: అమ్మమ్మగారూ, జాడీ అడ్రస్ చెప్పండి, వెతకడానికి నేనొస్తా.

పోస్టు రాసినవాణ్ని: నిన్న ఆదివారం బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. పైన ‘అనుకుంటున్నాను, కాబట్టి ఉన్నాను’. కింద ‘అనిపిస్తోంది, కాబట్టి’ అని రాసి ఖాళీ వదిలేశాను. ‘ఆలోచన’ని తుడిచేశాను, మాస్టారు మన్నించాలి. పాప చాలాసేపు చూసి “అయితే పరీక్ష హాల్లో ఉన్నానన్నమాట. ‘అయిపోయాన్రా దేవుడా’ అని పదిసార్లు అనుకున్నాను” అంది. ఖాళీలో ఒక కుర్రాడు ‘ఏదో ఉంది’ అని రాసిపోయాడు. ఎవరూ చెప్పకుండానే.

ఆవకాయ సంగతి కూడా చెప్పాను. అది విని పక్క వాటా ఆవిడ పిట్టగోడ అవతలి నుంచి “మెంతిపిండి వేస్తారా, మెంతులు అలాగే వేస్తారా ఆవిడ?” అని అడిగారు. బ్రాడీపేట అమ్మమ్మగారూ, దీనికి జవాబు మీరే ఇవ్వాలి.